డిస్‌ప్లే రావడం లేదా? గ్రాఫిక్స్ కార్డు మీద నెపం వేసే ముందు వరుసగా చూడాల్సినవి

"అన్నా, సీపీయూ ఆన్ అవుతాంది, ఫ్యాన్లు తిరుగుతాండాయి, డిస్‌ప్లే మాత్రం వస్తాలేదు." ఏప్రిల్ మొదలైందంటే కడపలో నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఇదే మాట. ఆ వెంటనే ఇంకో మాట: "కార్డు పోయిందంటావా?"

పోయిన ఎండాకాలం ఎర్రగుంట్ల నుంచి ఒక పిల్లోడు కార్డును టవల్లో చుట్టుకుని, బస్సెక్కి కడప ఏడు రోడ్ల కూడలి దాకా తెచ్చాడు. నా దగ్గరున్న బోర్డులో పెడితే దివ్యంగా పని చేసింది. ఇంటికి పోయాక వీడియో కాల్‌లో సీపీయూ వెనక వైపు చూపించమన్నాను. మానిటర్ కేబుల్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి ఉంది. బస్సు చార్జీలు, ఒక రోజు కూలీ పోయాయి.

అందుకే కింద రాసిన వరుస మార్చకండి. పైసా ఖర్చు లేనివి ముందు, స్క్రూడ్రైవర్ కావాల్సినవి తర్వాత, డబ్బు పెట్టాల్సినవి ఆఖరున ఉంచాను.

1. లక్షణం ఏదో ముందు తేల్చుకోండి

"డిస్‌ప్లే సమస్య" అనే ఒక్క మాటలో నాలుగు వేరు వేరు జబ్బులు కలిసిపోతాయి. మీది ఏదో చూసుకోండి.

- ఆన్ చేసిన క్షణం నుంచి నలుపే, లేదంటే మానిటర్ మీద "నో సిగ్నల్": 3 నుంచి 6 వరకు వరుసగా చదవండి.
- కంపెనీ లోగో కనిపిస్తుంది, విండోస్ వచ్చే వేళకు నలుపు: నేరుగా 7కు వెళ్లండి.
- గీతలు, రంగు చుక్కలు, గళ్లు: 8.
- మామూలు పనికి బాగుంటుంది, గేమ్ పెట్టగానే ఆగిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది: 5, 9 చదవండి.

ఏ దారిలో వెళ్లినా ఒక సమయంలో ఒక్కటే మార్చండి. కేబుల్, ర్యామ్, డ్రైవర్ (కార్డును విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) మూడూ ఒకేసారి మార్చి డిస్‌ప్లే వచ్చిందనుకోండి, ఏది కుదిరిందో తెలియదు. నెల తర్వాత అదే సమస్య వస్తే మళ్లీ మొదటికి వస్తారు. ఒక కాగితం పక్కన పెట్టుకుని "ఇది మార్చాను, ఇలా అయింది" అని రాసుకోండి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- స్టార్ స్క్రూడ్రైవర్, కొన దగ్గర అయస్కాంతం ఉన్నదైతే మేలు
- పని చేస్తుందని తెలిసిన ఇంకో కేబుల్. ఇంట్లో టీవీకి వాడే హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు
- మెత్తని పెయింట్ బ్రష్, చిన్న బ్లోయర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని గుడ్డ
- సెల్‌ఫోన్. ఏ వైరు ఊడదీసినా ముందు ఫొటో తీయండి
- డ్రైవర్లు పెట్టుకోవడానికి పెన్‌డ్రైవ్

విండోస్ 11 ఉన్నవాళ్లు ఇంకో పని చేయాలి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు తాళం) ఆన్‌లో ఉంటే, బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు మారినప్పుడు అది బిట్‌లాకర్ రికవరీ కీ, అంటే ఆ తాళం తెరిచే అంకెలు అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి 48 అంకెలనూ ముందే రాసి పెట్టుకోండి. డిస్‌ప్లే వచ్చిన సంతోషం ఈ కీ అడిగేసరికి ఆవిరైపోయిన వాళ్లను చూశాను.

3. క్యాబినెట్ తెరవక ముందు

మానిటర్ "నో సిగ్నల్" అని చూపిస్తోందంటే మానిటర్‌కు ప్రాణం ఉంది, సిగ్నలే అందడం లేదు. ఏమీ చూపించకపోతే మానిటర్ పవర్ లైటు, దాని అడాప్టర్ చూడండి.

సీపీయూ వెనక పోర్టులు రెండు చోట్ల ఉంటాయి. యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉన్నవి మదర్‌బోర్డువి. వాటికి కింద, విడిగా అడ్డంగా ఉన్నవి కార్డువి. కార్డు ఉన్నప్పుడు కేబుల్ కిందివాటికే పెట్టాలి.

మానిటర్ బటన్ నొక్కి ఇన్‌పుట్ సోర్స్ మీరు పెట్టిన పోర్టుకే ఉందో లేదో చూడండి. డిస్‌ప్లేపోర్ట్‌కు కేబుల్ పెట్టి, మానిటర్‌ను హెచ్‌డీఎంఐ మీద ఉంచితే రాత్రంతా కూర్చున్నా ఏమీ రాదు.

పాత వీజీఏ మానిటర్ వాడేవాళ్లు ఇక్కడ ఆగండి. ఎన్‌విడియా జీటీఎక్స్ 10 సిరీస్ మొదలుకుని కార్డుల్లో అనలాగ్ సిగ్నల్, అంటే వీజీఏకు కావాల్సిన పాత రకం సిగ్నల్, బయటికి రాదు. అంటే వంద రూపాయలకు దొరికే డీవీఐ నుంచి వీజీఏ పిన్ను తగిలిస్తే పని జరగదు. లోపల చిప్ ఉన్న, సిగ్నల్‌ను నిజంగా మార్చే కన్వర్టర్ కావాలి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కొనేటప్పుడు నోరు తెరిచి అడగండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే కార్డు మీద ఉన్న ఇంకో పోర్టుకు మార్చి చూడండి. ఒక పోర్టు మాత్రమే పోయిన కార్డులు కూడా ఉంటాయి.

4. తెరిచాక: కార్డు తీసి మళ్లీ పెట్టడం

స్విచ్ బోర్డు దగ్గర ఆపండి. ప్లగ్ తీసేయండి. తర్వాత సీపీయూ పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. పని మధ్యలో అప్పుడప్పుడు క్యాబినెట్‌లో రంగు లేని ఇనుము భాగాన్ని ముట్టుకుంటూ ఉండండి, ఒంట్లోని స్టాటిక్ అందులోకి పోతుంది.

1. కార్డుకు వచ్చే పవర్ వైర్ల క్లిప్ నొక్కి తీయండి. వైరు పట్టుకుని లాగవద్దు, కనెక్టర్‌ను పట్టుకోండి.
2. వెనక వైపు స్క్రూలు విప్పండి.
3. స్లాటు చివర చిన్న లాక్ ఉంటుంది. దాన్ని నొక్కి ఉంచి, కార్డును నేరుగా పైకి తీయండి. కార్డు పెద్దదైతే ఈ లాక్ కనిపించదు, చెయ్యి పట్టదు. చెక్క స్కేలు చివరతో నొక్కండి. బలవంతంగా లాగితే స్లాటే ఊడి వస్తుంది, అప్పుడు బోర్డు ఖర్చు మీద పడుతుంది.
4. బంగారు రంగు కాంటాక్టులను ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకే దిశలో తుడవండి. మన షాపుల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దడం అలవాటు. గత్యంతరం లేకపోతే మెల్లగా రుద్దండి, పొడి మాత్రం స్లాటులోకి పడకుండా తర్వాత ఆల్కహాల్‌తో తుడవాల్సిందే.
5. స్లాటులోకి బ్లోయర్‌తో గాలి కొట్టండి.
6. కార్డును రెండు వైపులా సమానంగా నొక్కండి. లాక్ "టక్" మనాలి. ఆ చప్పుడు రాకుండా స్క్రూ బిగించవద్దు, కార్డు ఒక వైపు లేచి ఉండిపోతుంది.

ఇప్పుడు పవర్ వైర్లు పెట్టి ఆన్ చేయండి. రాకపోతే ఇదే పని ర్యామ్‌కు చేయండి. ఎందుకంటే ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయినా కనిపించేది అదే నలుపు. రెండు స్టిక్కులు ఉంటే ఒకటి తీసి, మిగిలిన దాన్ని ఒక్కో స్లాటులో పెట్టి చూడండి.

తర్వాతి పరీక్ష కార్డు పూర్తిగా తీసి, కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టడం. డిస్‌ప్లే వస్తే అనుమానం కార్డు వైపో దాని కరెంటు వైపో జరుగుతుంది. అయితే ఇది అందరికీ పనికి రాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" ఉంటే, అంటే 12400ఎఫ్ లాంటిదైతే, దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. రైజన్ 5600కు కూడా లేదు, 5600జీకి ఉంది. ఇది తెలియక, కార్డు తీసి పరీక్షించి, "బోర్డు కూడా పోయింది" అని తేల్చేసుకుంటారు. అలాంటప్పుడు స్నేహితుడి దగ్గర చిన్న కార్డు ఒకటి అడిగి తెచ్చుకోవడమే దారి.

5. కరెంటు: మన దగ్గర సగం జబ్బులు ఇక్కడివే

స్లాటు నుంచి కార్డుకు దొరికేది గరిష్ఠంగా 75 వాట్లు. ఆపైన కావాల్సింది ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి వచ్చే వైర్ల ద్వారా రావాలి. 6 పిన్నులది 75, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. జీటీఎక్స్ 1650 మూల డిజైన్ 75 వాట్లతోనే నడుస్తుంది కాబట్టి వైరు లేకపోయినా ఫర్వాలేదు. అయినా కొన్ని 1650లకు 6 పిన్నుల సాకెట్ ఉంటుంది. సాకెట్ ఉందంటే వైరు పెట్టాల్సిందే. ఆర్‌టీఎక్స్ 3060 లాంటిది 170 వాట్లు లాగుతుంది, దానికి కంపెనీ సిఫారసు చేసేది 550 వాట్ల ఎస్ఎంపీఎస్.

క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద 450 అని రాసి ఉన్నా నమ్మవద్దు. పక్కన ఉన్న పట్టికలో 12 వోల్టుల వరుస ఎదురుగా ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి, 12తో గుణించండి. కార్డుకు, ప్రాసెసర్‌కు నిజంగా దొరికేది అది. 18 ఆంపియర్లు అని ఉంటే 216 వాట్లు. ఇక 450 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఆ స్టిక్కర్ వేసినవాడికే తెలియాలి.

చూడాల్సినవి:

- కార్డుకు వెళ్లేది 6+2 పిన్నుల వైరేనా? ప్రాసెసర్‌కు వెళ్లే 4+4 కూడా ఎనిమిది పిన్నులే. ఆకారం దగ్గరగా ఉంటుంది, వైరింగ్ మాత్రం తలకిందులు. బలవంతంగా దూర్చితే షార్ట్ అవుతుంది.
- రెండు సాకెట్లున్న పెద్ద కార్డుకు ఒకే వైరు నుంచి చీలిన రెండు కొనలు పెట్టారా? ఎస్ఎంపీఎస్ నుంచి రెండు వేరు వైర్లు తీసుకోండి.
- మోలెక్స్ (పాత హార్డ్‌డిస్కులకు పెట్టే 4 పిన్నుల కనెక్టర్) నుంచి 6 పిన్ను చేసే అడాప్టర్ వాడుతున్నారా? దాన్ని తీసి పక్కన పడేయండి. వైరు కరిగి నల్లబడిన కనెక్టర్లు నేను చూసింది ఎక్కువగా వీటివే.
- కొత్త 16 పిన్నుల కనెక్టర్ అయితే సందు లేకుండా పూర్తిగా లోపలికి పోవాలి, మూతి దగ్గరే వంచకూడదు.

గేమ్ పెట్టిన వెంటనే మొత్తం సీపీయూ ఆగిపోయి రీస్టార్ట్ అవుతోందా? విండోస్‌లో జరిగిన తప్పులను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అక్కడ కెర్నల్ పవర్ 41 ఒక్కటే కనిపిస్తుంటే కరెంటును ముందు అనుమానించండి. అదే 4101 అని డిస్‌ప్లే పేరుతో ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం మానేసి, విండోస్ దాన్ని మళ్లీ లేపిందని అర్థం. రెండింటి వైద్యం వేరు.

యూపీఎస్ సంగతి కూడా చెప్పాలి. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ మామూలుగా ఇచ్చేది 360 వాట్లు. గేమింగ్ కార్డు, మానిటర్, ప్రాసెసర్ కలిసి అంతకు దగ్గరగా వెళ్తే కరెంటు పోయిన క్షణంలో అది "కీ" మని కూసి చేతులెత్తేస్తుంది. పరీక్షించేటప్పుడు ఒకసారి యూపీఎస్ లేకుండా నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టి చూడండి.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ ఇనుము తాకితే చెయ్యి జివ్వుమంటోందా? మదర్‌బోర్డు, కార్డు, మానిటర్ అన్నీ ఆ లీకేజీని పంచుకుంటున్నాయన్నమాట. నడుస్తుండగా హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే నిప్పురవ్వ వచ్చి పోర్టు కాలిన కేసులకు కారణం ఇదే. మనది బండ నేల. ఎండాకాలం మట్టి పూర్తిగా ఎండిపోతే ఎర్త్ గుంత పేరుకే ఉంటుంది, కరెంటును లోపలికి తీసుకోదు. గుంతలో నీళ్లు పోయించండి, ఉప్పు, బొగ్గు ఎప్పుడు వేశారో ఇంటివాళ్లను అడగండి. అద్దె ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరే లేకపోవడం మామూలు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ చూడమనండి. ఒకటి రెండు వోల్టులుంటే మంచిది. పదులలో చూపిస్తే ముందు అది బాగు చేయించాకే కార్డు సంగతి. ఈ పని మీరే చేయబోకండి.

6. బోర్డు చెప్పే మాట వినండి

కొత్త మదర్‌బోర్డుల్లో నాలుగు చిన్న లైట్లు ఉంటాయి: సీపీయూ (ఇక్కడ ప్రాసెసర్ అని అర్థం), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్. ఆన్ చేశాక ఏది వెలిగి ఆగిపోయిందో చూడండి. వీజీఏ దగ్గర ఆగితే కార్డు, స్లాటు, పవర్ వైరు. డీర్యామ్ దగ్గర ఆగితే ఇంతసేపూ కార్డును ఊరికే తిట్టారని అర్థం.

లైట్లు లేని పాత బోర్డుకు చిన్న స్పీకర్ తగిలించండి. ఒక పొడుగు బీప్, వెంట రెండు మూడు పొట్టి బీపులు వస్తే చాలా బోర్డుల్లో అది గ్రాఫిక్స్ తప్పు. ఖచ్చితమైన అర్థం మీ బోర్డు పుస్తకంలో ఉంటుంది.

తర్వాత సీమాస్ రీసెట్, అంటే బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తేవడం. ప్లగ్ తీసి, గుండ్రటి సీఆర్2032 సెల్ తీసి, అయిదు నిమిషాలు ఆగి పెట్టండి. సెల్ పాతదైతే కొత్తది వేయండి, ఖర్చు స్వల్పమే.

పాత కార్డును కొత్త బోర్డులో పెట్టినప్పుడు ఇంకో చిక్కు ఉంది. యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్)కి పూర్వపు కార్డులు బయోస్‌లో సీఎస్ఎం (పాత పరికరాలను నడవనిచ్చే సెట్టింగ్) ఆపి ఉంటే డిస్‌ప్లే ఇవ్వవు. కార్డును తప్పు పట్టకుండా ఆ సెట్టింగ్ మార్చి చూడండి. కార్డును స్లాటుకు దూరంగా పెట్టే రైజర్ కేబుల్ వాడేవాళ్లు బయోస్‌లో స్లాటు వేగాన్ని ఆటో నుంచి జెన్ 3కు దించండి.

7. లోగో వస్తుంది, విండోస్‌లో నలుపు

ఇది దాదాపుగా డ్రైవరే. మొదట కీబోర్డు మీద విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. తర్వాత విండోస్, పి నొక్కి చూడండి. ఇంతకు ముందు టీవీకి కలిపి రెండో స్క్రీన్ మాత్రమే అని పెట్టి ఉంటే, మీ డెస్క్‌టాప్ ఇంకా ఆ టీవీ కోసమే ఎదురుచూస్తుంటుంది.

లాభం లేకపోతే సేఫ్ మోడ్, అంటే విండోస్‌ను అత్యవసరమైన వాటితో మాత్రమే నడపడం. విండోస్ లోడ్ అవుతుండగా పవర్ బటన్‌తో రెండు మూడు సార్లు ఆపితే రికవరీ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపై 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో పిన్ కాకుండా పాస్‌వర్డ్ అడగవచ్చు, గుర్తుందో లేదో చూసుకోండి.

డ్రైవర్ శుభ్రంగా మార్చే వరుస:

1. ఇంకో కంప్యూటర్‌లో మీ కార్డు మోడల్‌కు సరిపడే డ్రైవర్‌ను తయారీదారు సైట్ నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసేసే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రామ్‌ను కూడా.
2. నెట్ కేబుల్ తీయండి, వైఫై ఆపండి. లేకపోతే మీరు ఒకటి తీసేలోపు విండోస్ అప్‌డేట్ ఇంకోటి వేస్తుంది. అందరూ మరిచేది ఇదే.
3. సేఫ్ మోడ్‌లో పాతది తీసేసి రీస్టార్ట్ చేయండి.
4. కొత్తది వేయండి. అది పని చేశాకే నెట్ కలపండి.

పాత చిన్న కార్డులకు కొత్త డ్రైవర్ అంటే తాజాది కాదు, దానికి వచ్చిన ఆఖరిది. జీటీ 710 అలాంటిదే. జీటీ 730 పేరుతో అయితే రెండు వేరు తరాల చిప్‌లున్న కార్డులు అమ్మారు, రెండింటికీ డ్రైవర్లు వేరు. ఇన్‌స్టాల్ కావడం లేదంటే ఇది చూడండి.

విండోస్ డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు దగ్గర కోడ్ 43 అనే తప్పు కనిపించి, శుభ్రంగా డ్రైవర్ వేసినా పోకపోతే తప్పు హార్డ్‌వేర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. సెకండ్‌హ్యాండ్ కార్డైతే కార్డు సొంత బయోస్ మార్చి ఉండవచ్చు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం (ఒక క్రిప్టో కరెన్సీ) మైనింగ్ కార్డులతో జరగడం ఆగిపోయాక, అలా బయోస్ మార్చిన కార్డులు బజారులోకి చాలా వచ్చాయి.

8. గీతలు, చుక్కలు, గళ్లు

రెండు పరీక్షలు చాలు.

ఒకటి, బయోస్‌లోకి వెళ్లి చూడండి. అక్కడా చుక్కలుంటే విండోస్‌కు, డ్రైవర్‌కు సంబంధం లేదు. కేబుల్, మానిటర్ మార్చి చూసినా ఉంటే కార్డు మెమరీ దెబ్బతిందని చెప్పవచ్చు.

రెండు, విండోస్‌లో చుక్కలున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకోండి. ఫోన్‌లో ఆ బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు కార్డు నుంచి కంటి దాకా ఉన్న దారిలో, అంటే పోర్టు, కేబుల్, మానిటర్‌లో ఉంది. ఫోన్‌లోనూ చుక్కలుంటే కార్డు లేదా డ్రైవర్. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది, చేసేవాళ్లు మాత్రం తక్కువ.

ఈ దశలో కొందరు హాట్ ఎయిర్‌తో చిప్ వేడి చేసి "బాగు చేశాం" అంటారు. నిజంగానే కొన్ని రోజులు పని చేస్తుంది. మళ్లీ పోతుంది, ఈసారి ఇంకా గట్టిగా. చెడిన మెమరీ చిప్ తీసి కొత్తది వేసేవాళ్లకే ఇవ్వండి, గ్యారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి.

9. వేడి, దుమ్ము

ఏసీ గదిలో 25 డిగ్రీల వద్ద కార్డు 70 చూపిస్తుందనుకోండి. మన మే నెల మధ్యాహ్నం గదిలో 40 ఉంటే అదే పనికి అది 85 దాకా పోతుంది. చాలా ఎన్‌విడియా కార్డులు 83 దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి. శీతాకాలంలో లేని కుదుపు ఎండాకాలంలో వస్తోందంటే ఇదే.

సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, నాపరాళ్ల పాలిష్ యూనిట్ల దగ్గర ఉండేవాళ్లకు దుమ్ము సన్నటి తెల్ల పొడిలా పేరుకుని హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టి పడుతుంది. బ్రష్‌తో వదిలించి, తర్వాత గాలి కొట్టండి. గాలి కొట్టేటప్పుడు కార్డు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి. పంక్చర్ షాపు గాలి వద్దు, అందులో నీటి తుంపర వస్తుంది.

ఒక అపోహ: ఫ్యాన్ తిరగకపోతే చెడిపోయినట్టు కాదు. చాలా కార్డుల ఫ్యాన్లు పని లేనప్పుడు ఆగి ఉంటాయి, వేడి 50, 60 డిగ్రీలు దాటాకే తిరుగుతాయి. గేమ్ పెట్టినా తిరగకపోతే అప్పుడు అడగండి.

వేడి మామూలుగానే ఉండి గేమ్ క్రాష్ అవుతుంటే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కోర్ క్లాక్‌ను (చిప్ వేగాన్ని) 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడండి. క్రాష్ ఆగితే కార్డు వయసు మీద పడిందో, ఎస్ఎంపీఎస్ బలహీనపడిందో అనుకోవచ్చు. ఇంకో ఎస్ఎంపీఎస్‌తో ఒకసారి చూస్తే రెంటిలో ఏదో తేలుతుంది.

10. షాపుకు తీసుకెళ్లాల్సి వస్తే

- కార్డు సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫొటో తీయండి. రసీదు మీద ఆ నంబర్ రాయించండి.
- వారంటీ ఉందేమో నంబర్‌తో చూడండి. ఉంటే స్క్రూ మీది స్టిక్కర్ చించవద్దు, థర్మల్ పేస్ట్ ముట్టవద్దు.
- మీరు రాసుకున్న కాగితం ఇవ్వండి. "డిస్‌ప్లే రావడం లేదు" అని వదిలేయకుండా "బయోస్‌లో కూడా చుక్కలున్నాయి, రెండు కేబుళ్లు, రెండు మానిటర్లతో చూశాను" అని చెప్పండి. తెలిసినవాడని అర్థమైతే అవతలివాళ్లు మాట్లాడే తీరే మారుతుంది.
- వీలైతే మీ ముందే వాళ్ల బోర్డులో పెట్టి చూపించమనండి.
- కార్డును దాని యాంటీస్టాటిక్ కవర్లో పెట్టండి. కవరు లేకపోతే అట్టపెట్టెలో మడతపెట్టిన న్యూస్‌పేపర్ల మధ్య పెట్టండి. టవల్లో మాత్రం చుట్టవద్దు, బస్సులో కుదుపులకు రాసుకుని స్టాటిక్ పుడుతుంది.